నాలుగు నెలల పదహారు రోజులు

మా తోడికోడలి గురించి చెడ్డగా మాట్లాడే హక్కు ఈ ప్రపంచంలో ఒక్కరికే ఉంది. అది నాకు. ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో కింది వాటా ఆవిడది, పై వాటా నాది. అన్నదమ్ముల్ని చేసుకున్నందుకు ఇంట్లో ఒకరి మొహం ఒకరం చూసుకోవడం చాలదన్నట్టు, పని చేసేది కూడా ఒకేచోట. పెద్ద బజారు వెనక సందులో పళ్ళ డాక్టరుగారి క్లినిక్ ఉంది. ముందుగదిలో కౌంటర్ దగ్గర నేను కూర్చుంటాను, వెనకగదిలో ఆవిడ కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. కాబట్టి నేను చెప్పేది నమ్మొచ్చు. ఆవిడంత మంచి మనిషీ లేదు, ఆవిడంత మొండిఘటమూ లేదు.

నేను ఆవిణ్ణి అక్కా అని పిలుస్తాను. ఆవిడ సొంత అక్క ఇంకొకరున్నారు, వేరే దేశంలో. ఆమెని మేమంతా పెద్దక్క అంటాం. వాళ్ళిద్దరూ కలుసుకోవడానికి పడ్డ పాట్ల గురించే నేను చెప్పబోయేది.

ముందు అక్క పని గురించి చెప్పాలి, లేకపోతే మనిషి అర్థం కాదు. ఆ వెనకగది పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఒకటే కిటికీ. బల్ల మీద స్పిరిట్ దీపం, మైనం కత్తి, గోడ పొడుగునా అరల్లో తెల్లటి ప్లాస్టర్ దవడలు. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. డాక్టరుగారు నోటి అచ్చు తీసి పంపితే అక్క అందులో ప్లాస్టర్ పోసి, దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కొక్క పన్నూ గుచ్చి నిలబెడుతుంది. ప్రతి పేషెంటునీ వయసులో ఉన్నప్పటి ఫోటో తెమ్మని నాచేత చెప్పిస్తుంది. ఫోటోలో ముందుపన్ను కాస్త పక్కకి తిరిగి ఉంటే తను కూడా అలాగే పెడుతుంది. సందు ఉంటే సందు వదిలేస్తుంది. "అన్నీ వరసగా పేర్చినట్టుంటే అబద్ధంలా ఉంటుందే" అంటుంది.

ఒకసారి రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన వచ్చి, "నాకు సినిమా హీరో పళ్ళు కావాలి" అని పట్టుబట్టాడు.

"హీరో పళ్ళు నేను పెడతాను. మొహం మీరెక్కణ్ణించి తెస్తారు?" అంది అక్క.

నేను నవ్వాపుకోలేక, ఏదో కిందపడినట్టు కౌంటర్ కిందికి వంగాను. చివరికి ఆయన తన పాత వంకరపన్నే పెట్టించుకున్నాడు. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. తర్వాత నలుగురు స్నేహితుల్ని మా క్లినిక్‌కే పంపించాడు.

పెద్దక్క పెళ్ళి చేసుకుని ఆ దేశం వెళ్ళి ముప్పై ఏళ్ళు దాటింది. అక్కడ ఒక హోటల్లో కర్టెన్లు, దుప్పట్లు కుట్టే విభాగంలో పనిచేసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆఖరిసారి కలిసింది వాళ్ళమ్మ పోయినప్పుడు. పదకొండేళ్ళయింది. తర్వాత అక్క రెండుసార్లు ఆ దేశానికి వీసా అడిగింది. రెండుసార్లూ కౌంటర్‌లోనే కాదన్నారు, వెళితే తిరిగి రాదేమోనని వాళ్ళ అనుమానమట. మా బావగారిని, ఈ పళ్ళ అచ్చుల్ని వదిలేసి అక్క ఎక్కడికో పారిపోతుందట! ఆ అనుమానం వచ్చినవాడిని ఒకసారి మా ఇంటికి భోజనానికి పిలవాలి. అక్క లేకపోతే బావగారికి ఉప్పుడబ్బా ఎక్కడుందో కూడా తెలియదని వాడికి అప్పుడు అర్థమవుతుంది.

పోనీ పెద్దక్కే ఇక్కడికి వద్దామంటే, ఆరేళ్ళ కిందట ఆమెకి గుండెజబ్బు బయటపడింది. ఇక్కణ్ణించి అక్కడికి విమానంలో ఎనిమిది గంటలు. ఆమె డాక్టరు నాలుగు గంటలకి మించి ఒప్పుకోడు. ఈ ఏడాది మొదట్లో ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. "ఈ ఎండాకాలంలో ఎక్కడికైనా వెళితే వెళ్ళండి. తర్వాత ఆపరేషన్ చెయ్యాలి. ఆ తర్వాత విమానం మాట నా దగ్గర ఎత్తకండి" అన్నాడట. ఫోనులో పెద్దక్క ఈ సంగతి నవ్వుతూనే చెప్పింది. అక్క "ఊఁ" కొట్టింది. ఫోను పెట్టేశాక వెనకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అప్పుడొచ్చిన ఆలోచన నాది. ఇంట్లో ఎవరూ ఒప్పుకోరుగానీ నాదే. మా కౌంటర్ వెనక గోడ మీద టూత్‌పేస్టు కంపెనీ వాళ్ళిచ్చిన ప్రపంచపటం ఉంది. పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే దారం ఒక మూర తెంపి, ఇక్కణ్ణించి అక్కడికి కొలిచి, మధ్యకి మడిచాను. ఆ మడత పడ్డచోట ఒక దేశం ఉంది. ఇక్కణ్ణించి నాలుగు గంటలు, అక్కణ్ణించి మూడు గంటల నలభై నిమిషాలు. చూడ్డానికి వచ్చేవాళ్ళని రావద్దనే దేశం కూడా కాదు.

"అక్కా, మీరిద్దరూ ఇక్కడ కలుసుకోవచ్చు కదా" అన్నాను.

అక్క పటానికి మొహం ఆనించినంత దగ్గరగా వెళ్ళి చూసింది. "అక్కడ మనకెవరున్నారే?"

"ఎవరూ లేకపోతేనే మంచిది. వండిపెట్టమని అడిగేవాళ్ళుండరు."

బావగారు లిఫ్టు ఎక్కితేనే కళ్ళు తిరిగే మనిషి. అందుకని అక్కకి తోడు నేను వెళ్ళడానికి ఖాయమైంది. పెద్దక్క అక్కణ్ణించి, మేమిద్దరం ఇక్కణ్ణించి, ముగ్గురం ఆ మధ్యదేశానికి పర్యాటకుల వీసాకి దరఖాస్తు పెట్టాం. అందులో ఒక గడి ఉంది. మీతో కలిసి ప్రయాణించే కుటుంబసభ్యులు వేరే దేశం నుంచి దరఖాస్తు చేస్తున్నారా, చేస్తుంటే వాళ్ళ పేరు, బంధుత్వం, పుట్టినతేదీ, తల్లిదండ్రుల పేర్లు రాయండి అని. రాశాం. అక్కడ పెద్దక్కా అలాగే రాసింది. ఇంత నిజాయితీగా నింపాం, ఇక వీసా రాకేం చేస్తుందని నేను కొత్త చెప్పులు కూడా కొనేసుకున్నాను.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. కౌంటర్ దగ్గరే కంప్యూటర్లో తెరిచి చదివాను. మీ దరఖాస్తూ, వేరే దేశం నుంచి అందిన మీ సోదరి దరఖాస్తూ పోల్చి చూశాం. మీరిద్దరూ ఒకే తల్లిదండ్రుల సంతానమని రాశారు. మీ ఇద్దరి పుట్టినతేదీల మధ్య తేడా నాలుగు నెలల పదహారు రోజులు. పదిరోజుల్లోగా ఆధారాలతో వివరణ పంపగలరు. ఇదీ సారాంశం.

నేను పైకే చదివేసినట్టున్నాను. బుగ్గ వాచి కూర్చున్న పేషెంటు ఒకాయన, "నాలుగు నెలలకే రెండో కాన్పా!" అని నవ్వబోయి, నొప్పికి "అబ్బా" అని బుగ్గ పట్టుకున్నాడు. బాగా అయింది.

అక్క వచ్చి చూసింది. అక్కడే స్టూలు మీద కూలబడింది. "ఇన్నాళ్ళకి బయటపడిందే" అంది.

సంగతేమిటంటే, పెద్దక్కని బళ్ళో వేసేనాటికి ఆమెకి ఆరేళ్ళు. అక్కకి నాలుగు కూడా నిండలేదు. వాళ్ళమ్మ బట్టలమిల్లులో పగటి షిఫ్టు, నాన్న లారీ డ్రైవరు. పిల్లని చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. పెద్దక్క బడి గుమస్తా ముందు నిలబడి, "చెల్లిని కూడా రాసుకోండి, లేకపోతే నేనూ రాను" అని భీష్మించుకుందట. బయట లారీ ఆపి వచ్చిన నాన్నకి తొందర. బళ్ళో చేరాలంటే ఐదేళ్ళు నిండాలి. గుమస్తా అక్క వయసు ఒక ఏడాది పెంచి చూశాడు, ఐదుకి నెలన్నర తక్కువ పడింది. ఇంకో ఏడాది పెంచాడు. మార్చి పన్నెండు పెద్దది, జూలై ఇరవై ఎనిమిది చిన్నది, ఇద్దరూ ఒకే సంవత్సరం. లెక్క తెలిసిన మనిషేగానీ కాన్పు తెలిసిన మనిషి కాదు. ఆ రోజునుంచి ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే పుస్తకం. ఆ తేదీలే సర్టిఫికెట్లలోకి, అక్కణ్ణించి పాస్‌పోర్టుల్లోకి ఎక్కాయి. యాభై ఏళ్ళు ఆ రెండు కాగితాల్నీ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. తీరా చూసింది ఈ మధ్యదేశం వాళ్ళు.

సాయంత్రం బావగారిని కూడా వెంటబెట్టుకుని వీసా ఏజెంటు దగ్గరికి పరుగెత్తాం. బట్టతల పెద్దాయన. బల్ల నిండా రబ్బరు స్టాంపులు పరుచుకుని కూర్చుంటాడని అందరూ స్టాంపులాయన అంటారు. ఉత్తరం చదివి, కళ్ళజోడు తీసి, "ఇంతేనా! దీనికింత కంగారా? తండ్రి ఒకరే, తల్లులు ఇద్దరు అని రాసేద్దాం. ఒక్క లైను. మీ అక్కగారిచేత కూడా అదే రాయించండి. వారంలో వీసా" అన్నాడు.

అక్క లేచి నిలబడింది. "ఏమన్నారు?"

"కాగితం మీదేనమ్మా..."

"మా నాన్న మా అమ్మ ఎదురుగా గట్టిగా దగ్గడానికే భయపడేవాడు. ఆయనకి రెండో పెళ్ళా! పోయిన మా అమ్మకి సవతిని తెచ్చి, నేను విహారయాత్రకి పోవాలా?"

బావగారు మెల్లిగా, "ఒక్క లైనే కదే..." అన్నారు. అక్క చూసిన చూపుకి కుక్కిన పేనులా అయిపోయారు. దాచడం ఎందుకు, నేనూ ఆ మాటే అన్నాను. చనిపోయినవాళ్ళొచ్చి చూస్తారా, బతికున్న మనిషిని చూడొద్దా అని ఇంటికొచ్చాక గంటసేపు పోరాను. "పెద్దక్క గుండె నీ పట్టుదల కోసం ఆగుతుందా?" అని కూడా అనేశాను. అనకుండా ఉండాల్సింది. అక్క అన్నం వడ్డించి తనవంతు తినకుండా లేచిపోయింది. రాత్రంతా నాకూ నిద్ర లేదు.

తెల్లారేసరికి పై వాటా మెట్లెక్కి వచ్చింది. "బడికి పోదాం రా" అంది.

ఆ బడి ఇంకా ఉంది. రంగులు మారాయి, గేటు మారింది, ఇనపబీరువా మాత్రం మారలేదట. హెడ్‌మిస్ట్రెస్ అక్కకంటే చిన్నది. తనే బీరువాలోంచి పాత అడ్మిషన్ రిజిస్టరు తీసి దులిపింది. పేజీలు తిప్పితే వరసగా నూట పదిహేడు పెద్దక్క, నూట పద్దెనిమిది అక్క. ఒకే చేతిరాత, ఒకే సిరా. హెడ్‌మిస్ట్రెస్ ఇంకొంచెం కిందికి చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"ఈ పేజీలో పదమూడు మంది జూలై ఒకటినే పుట్టారండీ! ఆ రోజు ఆస్పత్రి ఏమైపోయిందో! అప్పట్లో తేదీలు మా బడివాళ్ళే వేసేవారని నేను రాసిస్తాను. సంతకం పెట్టి, ముద్ర కూడా వేసిస్తాను."

అక్క ఆ పేజీ మీంచి చెయ్యి తీయలేదు. బయటికి వచ్చాక, "నేనన్న మాటలు మనసులో పెట్టుకోకక్కా" అన్నాను. "నువ్వన్న మాటలు మనసులో పెట్టుకుంటే నా మనసులో వేరేవాటికి చోటేదీ?" అంది. అంటే క్షమించినట్టే.

ఆ సాయంత్రం పెద్దక్కకి ఫోను చేసి, ఉన్నది ఉన్నట్టు రాద్దామంది. "అలాగే, నిజమే రాద్దాం" అంది పెద్దక్క. ఇద్దరూ ఎవరి ఉత్తరం వాళ్ళు రాసి, ఎవరి దేశంలో వాళ్ళు పంపేశారు. ఇక్కడే నేను పప్పులో కాలేశాను. పంపకముందు రెండూ తెప్పించుకుని చదవాల్సింది. ఇద్దరూ కలిస్తే నాకు రెండు మొండిఘటాలని మర్చిపోయాను.

పంపిన మర్నాడు ఫోనులో ఒకరి ఉత్తరం ఒకరికి చదివి వినిపించుకున్నారు. అక్క రాసింది: తప్పు తేదీ నాది, నా వయసు రెండేళ్ళు పెంచారు, మా అక్క తేదీ సరైనదే. పెద్దక్క రాసింది: తప్పు తేదీ నాది, నా వయసు రెండేళ్ళు తగ్గించారు, మా చెల్లెలి తేదీ సరైనదే!

"అదేంటక్కా! నీదెలా తప్పవుతుంది?" అక్క ఒంటికాలి మీద లేచింది.

"నువ్వింకా ఉద్యోగం చేసుకుంటున్నావు. నీ తేదీ తప్పని నువ్వే రాసిస్తే రేపు నీ సర్టిఫికెట్లన్నీ తిరగదోడరూ? నేను ఇంట్లో కూర్చున్నదాన్ని, నన్నేం చేస్తారు?"

"అబద్ధం కదా అది!"

"నీకోసం ఆడితే అబద్ధమేంటే?"

"నాకోసం నిన్నెవరాడమన్నారు?"

అరగంట ఆ తగువు. పదకొండేళ్ళు చూసుకోకుండా ఉన్న మనుషులు ఫోను ఖర్చుపెట్టి ఇలా పోట్లాడుకోవడం నేనెక్కడా చూడలేదు. ఇద్దరూ అరిచి అరిచి చివరికి ఒకేసారి ఏడ్చారు. కొండనాలుకకి మందేస్తే ఉన్ననాలుక ఊడినట్టయిందని నేను తలబాదుకున్నాను. స్టాంపులాయనకి చెబితే, "రెండు ఉత్తరాలు రెండు రకాలా! ఇక మీ టికెట్టు డబ్బులు వేరేదానికి వాడుకోండి" అన్నాడు.

వారానికి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ముగ్గురిదీ ఒకే దరఖాస్తు కింద లెక్కట, అందుకని నన్ను కూడా. అక్కడ పెద్దక్కని ఆరోగ్యం దృష్ట్యా ఫోనులోనే అడిగి వదిలేశారు.

ఆ ఆఫీసులో కుర్చీలన్నీ నేలకి బిగించి ఉన్నాయి, ఎవరైనా ఎత్తుకుపోతారన్నట్టు. మా టోకెను నలభై మూడు. అద్దం కింద చిన్న సందు, మాట వినబడాలంటే నడుం వంచాలి. అవతల సన్నటి గొంతు ఆఫీసరు. ఆయన ముందు రెండు ఉత్తరాలూ పక్కపక్కన ఉన్నాయి. బడి రిజిస్టరు నకలు కూడా.

"మీ ఇద్దరిలో అబద్ధం చెబుతున్నదెవరు?" అని అడిగాడు సూటిగా.

అక్క వంగి, "మా అక్కే సార్" అంది.

నా ప్రాణం ఎగిరిపోయింది.

"కానీ దాన్నేమీ అనకండి. నన్ను కాపాడ్డానికి అలా రాసింది. నన్ను బళ్ళో వేసిన రోజునుంచీ దానికదే పని. తేదీ తప్పు నాదే. నా అసలు వయసు యాభై ఆరు. కావాలంటే నా మీద కేసు పెట్టుకోండి, దానికి మాత్రం వీసా ఇవ్వండి. దానికి ఈ ఎండాకాలం ఒక్కటే టైముంది."

ఆఫీసరు డాక్టరు కాగితం తిరగేశాడు. పెన్నుతో ఏదో లెక్క వేసుకున్నాడు. "ఆమె తేదీ వెనక్కి జరిపినా, మీ తేదీ ముందుకి జరిపినా మధ్యలో తేడా ఒకటే వస్తోంది. రెండేళ్ళ నాలుగు నెలలు" అన్నాడు. తర్వాత కాగితాలు పక్కన పెట్టి అక్క మొహంలోకి చూశాడు. "అమ్మా, ఇక్కడికి రోజూ కథలు కట్టుకుని వచ్చేవాళ్ళుంటారు. ఎన్ని దేశాల నుంచి వచ్చినా వాళ్ళ కథలు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉంటాయి. కూడబలుక్కుని రాసినవాళ్ళెవరూ ఇలా రాయరు."

నాకు ఊపిరి తిరిగొచ్చింది. అంతలోనే ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. "మీకు వీసా ఇచ్చినా, ఆమెకి ఇవ్వాలో వద్దో అక్కడి ఆఫీసు ఇష్టం. మా చేతిలో లేదు. మీకు వచ్చి ఆమెకి రాకపోతే మీరు వెళతారా?"

"నాకెందుకు సార్? మా అక్క లేని ఊళ్ళో నాకు చూసేదేముంది?"

పర్యాటకుల వీసా అడుగుతూ చూసేదేముంది అంటుందేమిటి ఈ మనిషి! గిల్లాను. "చూస్తాం సార్, మ్యూజియం చూస్తాం, సముద్రం చూస్తాం, అన్నీ చూస్తాం" అని నేను సందులోకి తల దూర్చాను. ఆయన మొదటిసారి నవ్వాడు. పైపళ్ళ వరసలో ఎడమవైపుది కాస్త ముందుకుందని అక్క బస్సులో చెప్పింది. అంత గండంలోనూ ఆవిడ చూపు పళ్ళ మీదే.

పన్నెండు రోజులకి పాస్‌పోర్టులు సీలువేసిన కవర్లలో వచ్చాయి. నా కవరు అక్కడే చింపేశాను. వీసా ఉంది! కౌంటర్ దగ్గర గెంతాను, డాక్టరుగారు బయటికొచ్చి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. అక్క మాత్రం తన కవరు తీసుకెళ్ళి అరలో ప్లాస్టర్ దవడల మధ్య నిలబెట్టింది.

"విప్పవేం?"

"అక్కది తేలనీ. దానికి రాకపోతే ఇది నాకు తెలియనే వద్దు."

"నీకు వచ్చిందో లేదో తెలియకపోతే నాకు రక్తపోటు వస్తుంది!"

"రానీ. మాత్రలున్నాయిగా."

ఒకరోజు, రెండ్రోజులు, ఆరు రోజులు. పెద్దక్క నుంచి కబురు లేదు. ఫోను చేస్తే ఆరోగ్యం, వాతావరణం, బావగారి కులాసా, అవే మాటలు. అసలు విషయం తను ఎత్తదు, అక్క అడగదు. అక్క ముభావంగా పనిచేసుకునేది. ఎన్నడూ లేనిది ఒక సెట్టులో పైపన్ను కిందా, కిందపన్ను పైనా పెట్టేసింది. అప్పుడు నాకు భయం వేసింది. నిజంగా భయం. ఈ మనిషి లోపల ఎంత కుంగిపోతోందో ఆ పన్ను చూసేదాకా నాకు అర్థం కాలేదు.

ఏడోరోజు మధ్యాహ్నం వెనకగదిలోకి వెళ్ళి, అక్కని అడక్కుండా నా ఫోనులోంచి పెద్దక్కకి చేసి స్పీకర్ పెట్టాను.

"పెద్దక్కా, తేల్చెయ్యండి. మీకు వచ్చిందా లేదా?"

"కవరైతే వచ్చింది. వారమైంది" అంది నెమ్మదిగా.

"మరి?"

"విప్పలేదు. చెల్లిది తెలియకుండా ఎలా విప్పను? అది ఏమీ చెప్పడం లేదు. రాలేదేమో, నాతో చెప్పలేక బాధపడుతోందేమో అని నేనూ అడగలేదు."

అక్క చేతిలో మైనం కత్తి అలాగే ఉండిపోయింది. నేను ఆమె వంక చూశాను, అరలో కవరు వంక చూశాను. నాకు తిక్క నషాళానికి అంటింది.

"మీ ఇద్దరికీ ఒక దణ్ణం! ఒకరికోసం ఒకరు కవర్లు పట్టుకుని ఎండాకాలం దాటించేస్తారా? పెద్దక్కా, కవరు చేతిలోకి తీసుకోండి. అక్కా, నువ్వూ. నేను మూడు అంకెలు లెక్కపెడతాను. మూడు అనగానే ఇద్దరూ చింపాలి. ఎవరు ఆగినా నేను ఈ జన్మలో మాట్లాడను. ఒకటి... రెండు... మూడు!"

ఇటు ఒక చప్పుడు, అటు ఒక చప్పుడు. అక్క పాస్‌పోర్టు పేజీలు తిప్పుతూ ఉంది, చేతికి అంటుకున్న మైనంతో పేజీలు విడిరావడం లేదు. నేనే లాక్కుని తిప్పాను. ఉంది. రంగురంగుల కాగితం, అక్క ఫోటో, ముద్ర.

"వచ్చిందే!" అంది ఫోనులో పెద్దక్క. "చెల్లీ, నాకు వచ్చిందే! నీకో?"

"వచ్చింది, వచ్చింది!" అని నేనే అరిచాను. అక్క స్టూలు మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. డాక్టరుగారి చేతిలో నోరు తెరిచి కూర్చున్న పేషెంటు కూడా, ఏం జరిగిందో తెలియకపోయినా, అలా తెరిచిన నోటితోనే ఏదో అభినందించాడు.

ఇరవై ఐదు రోజులకి మధ్యదేశంలో దిగాం. పెద్దక్క విమానం మాకంటే గంటన్నర ముందు వచ్చింది. బయటికి వచ్చే దారిలో బెంచీ మీద, పెట్టె పక్కన కూర్చుని ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, పూర్తిగా తెల్లబడింది. అక్క నడుస్తున్నదల్లా నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది.

"ఇంత చిక్కిపోయావేంటే?" అంది పెద్దక్క.

"నువ్వు మాత్రం?" అంది అక్క.

ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నిలబడిపోయారు. ఎంతసేపో. జనం చుట్టూ తిరిగి పోతున్నారు. నేను మూడు పెట్టెలకీ కాపలా. దాచడమెందుకు, నాకు సంతోషంతో పాటు కాస్త కుళ్ళు కూడా పుట్టింది. ఇరవై రెండేళ్ళు ఆవిడతో తగువులాడిందీ, జ్వరమొస్తే కాళ్ళు పట్టిందీ నేనైతే, అలా పట్టుకోవడానికి నాకెవరూ లేరే అనిపించింది. తప్పేగానీ, అనిపించింది.

హోటలు చిన్నదే, శుభ్రంగా ఉంది. ముగ్గురికీ ఒకే గది. కౌంటర్ వెనక ఉన్నామె ఒక కాగితం ఇచ్చి, గదిలో ఉండేవాళ్ళ పేర్లు, ఒకరికొకరు ఏమవుతారో రాయమంది. పెద్దక్క కళ్ళజోడు పెట్టుకుని తనే రాసింది. నేను భుజం మీంచి తొంగిచూశాను. మొదటి వరసలో తన పేరు. రెండో వరసలో అక్క పేరు, ఎదురుగా చెల్లెలు. మూడో వరసలో నా పేరు. దాని ఎదురుగా కూడా చెల్లెలు.

"అయ్యో పెద్దక్కా, అది తప్పు! చెల్లెలి తోడికోడలు అని రాయాలి. అమ్మానాన్నల పేర్లు వేరు, ఊరు వేరు. మళ్ళీ ఎవరైనా పాస్‌పోర్టులు మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే?" అన్నాను కంగారుగా.

పెద్దక్క కలం మూత పెట్టేసింది. "చూడనీవే. అడిగితే ఈసారి ముగ్గురం మూడు రకాల ఉత్తరాలు రాద్దాం" అంది.

నేను అక్క వంక చూశాను. నాన్నకి రెండో పెళ్ళి అంటగట్టనని స్టాంపులాయన మీద మండిపడ్డ మనిషి కదా, ఇదైనా దిద్దుతుందేమోనని. అక్క ఆ కాగితం తీసుకుని, ఒకసారి చదివి, అలాగే కౌంటర్ ఆమె వైపు జరిపింది.

ఊళ్ళో ఎవరేమన్నా వెంటనే జవాబు చెప్పే నోరు నాది. ఆ రోజు మాత్రం ఏడుపొచ్చింది, ఏడ్చాను. కౌంటర్ ఆమె ఏమీ అడక్కుండా తాళంచెవి ఇచ్చింది. నేను ముక్కు తుడుచుకుంటూ పెట్టెలు సర్దుకునేలోపే వాళ్ళిద్దరూ లిఫ్టు దగ్గరికి చేరి, తలుపు మూసుకోకుండా చెరో చెయ్యీ అడ్డం పెట్టి, "రావేం?" అని ఒకేసారి కేకేశారు.